మూడు మాట్లు

మాకు పెళ్లయిన సంగతి మా ఇద్దరికీ తెలుసు. పెళ్లికొచ్చి గుత్తివంకాయ కూర రెండోసారి అడిగి మరీ వేయించుకున్న నాలుగు వందల మందికీ తెలుసు. తెలియనిది వివాహ నమోదు, దాంపత్య దృఢీకరణ శాఖకు ఒక్కదానికే.

శాఖకు తెలియకపోతే మీకొచ్చిన నష్టమేమిటని ఎవరైనా అడగొచ్చు. నా ఉద్యోగం పాడేరు ఘాటు పైన, ఉద్యాన నర్సరీలో. మా ఆయనది కింద పట్నంలో, నీటి పరీక్షల ల్యాబులో. భార్యాభర్తల్ని ఒకే ఊళ్లో వేసే బదిలీలు ఏడాదికి ఒక్కసారే జరుగుతాయి. ఈసారి ముప్పయ్యో తారీఖున. ఆ రోజుకి పెళ్లి సర్టిఫికెట్ చేతిలో ఉంటే నేను కొండ దిగుతాను. లేకపోతే ఇంకో ఏడాది పాటు మాది ఆదివారాల కాపురం. శనివారం సాయంత్రం బస్సు దిగడం, సోమవారం పొద్దున్నే బస్సెక్కడం. ఆయన తువ్వాలు నాలుగు మడతలేసి, మళ్లీ విప్పి, మూడు మడతలేసి ఆరేస్తారని నాకు పెళ్లయిన ఐదో రోజున తెలిసింది. ఇలాంటివి ఇంకా ఎన్ని ఉన్నాయో ఆదివారాల్లో ఎప్పటికి తెలుసుకునేను?

అందుకని పెళ్లికి పెట్టిన నెల సెలవులో ఉండగానే, పసుపు ఆరని శుభలేఖ, ఫోటోలు, పురోహితుడి సంతకం అన్నీ పట్టుకుని శాఖ కార్యాలయానికి వెళ్లాం. గుమస్తా సింహాచలం గారు వాటిలో దేన్నీ చూడలేదు. ఒక అట్టపెట్టె మా చేతుల్లో పెట్టి, మా ఆయన చేత ఒక చోట, నా చేత ఒక చోట వేలిముద్ర వేయించుకుని, లోపలికి వెళ్లి దృఢీకరణాధికారి గారిని కలవమన్నారు.

పెట్టె విప్పి చూస్తే అందులో అరచేతంత పచ్చబోర్డు, దాన్నిండా చిన్న చిన్న చిల్లులు. ఒక పొట్లంలో రంగు చారల రెసిస్టర్లు, మినపగింజల్లాంటి కెపాసిటర్లు, మూడు కాళ్ల పురుగుల్లాంటి ట్రాన్సిస్టర్లు, రూపాయి బిళ్లంత స్పీకరు. ఒక సోల్డరింగ్ ఐరన్, చుట్ట చుట్టిన సీసం తీగ, గుగ్గిలం లాంటి ముద్ద ఒకటి. ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే కాగితం మాత్రం లేదు.

దృఢీకరణాధికారి కొల్లూరు సదానందమూర్తి గారు మనిషి నెమ్మది. మాట్లాడేటప్పుడు కుడిచేతి బొటనవేలిని ఫైలు కింద దాచుకునే అలవాటు ఆయనకి ఉంది. కిట్టుకీ పెళ్లికీ సంబంధం ఏమిటని మా ఆయన మర్యాదగానే అడిగారు. సదానందమూర్తి గారు లేచి, గోడ మీద ఇత్తడి ఫ్రేములో ఉన్న కాగితం వైపు చేయి చూపించారు. పసుపుపచ్చగా మారిన ఆ కాగితానికి ప్లాస్టిక్ బంతిపూల దండ వేసి ఉంది. ముప్పయ్యేళ్ల కిందట శాఖ పుట్టినప్పుడు పై నుంచి వచ్చిన మూల ఉత్తర్వు అది. చివరి పంక్తి ఆయన చూడకుండానే చదివారు.

"వధూవరులు ఇరువురూ నమోదు అధికారి ఎదుట విధిగా మూడు మాట్లు వేయ."

"వేయ ఏమిటండీ?" అన్నాను.

"వేయవలెను. వలెను అన్నది గ్రాహ్యం. కాగితం పొదుపు నిమిత్తం ఆనాటి పెద్దలు ఆ మూడక్షరాలు విడిచిపెట్టారు."

మాటు అంటే చిల్లుపడిన బిందెకి సీసం కరిగించి వేసే అతుకు. అది నాకూ తెలుసు. మొదట్లో రెండు రేకు ముక్కలిచ్చి మూడు మాట్లు వేయించేవారట. తర్వాత దాంపత్యం అంత సులువైనదా అని ఒక నిపుణుల సంఘానికి సందేహం వచ్చింది. మూడు అన్నది కనీస సంఖ్య మాత్రమేనని ఆ సంఘం తేల్చింది. ఏటికేడాది పెంచుకుంటూ పోగా ఇప్పుడు మాట్లు అరవై నాలుగయ్యాయి. అన్నీ సరిగ్గా పడితే ఆ స్పీకరులోంచి సన్నాయి మోగుతుంది. మోగితే పెళ్లయినట్టు.

కాగితం సంగతి అడిగాను.

"మార్గదర్శక పత్రం ఉంది. కానీ అది జతపరిచినచో దంపతులు పత్రాన్ని అనుసరిస్తారు. ఒకరినొకరు అనుసరించరు. తత్కారణంగా పత్రాన్ని వివాహితులకు మాత్రమే, సర్టిఫికెట్ చూపిన మీదట, సీల్డు కవరులో ఇస్తాం."

మా ఆయన నీటి పరీక్షలు చేసే మనిషి. ఏ విషయాన్నయినా అడుగు దాకా తేరనిచ్చి చూస్తారు. కాసేపు ఆలోచించి, ఈ కిట్లు వచ్చాక ఈ ఊళ్లో ఎంతమందికి పెళ్లయిందని అడిగారు. పదకొండు మందికి అన్నారు సదానందమూర్తి గారు. అది బేసి సంఖ్య కదా అన్నాను. టీవీలు బాగుచేసే సత్యారావు గారని ఒకాయన సరదాకి కిట్టు అడిగి పట్టికెళ్లి గంటలో సన్నాయి మోగించేశారట. మోగాక సర్టిఫికెట్ ఇవ్వక తప్పలేదు. వధువు పేరు అన్న చోట 'వర్తించదు' అని రాశారు. ఇప్పుడాయనకి సంబంధాలు చూద్దామంటే రెండో పెళ్లి కింద వస్తుందట.

"మీ దాంపత్యం ఇప్పటికి పరిశీలనలో ఉన్నట్టు" అని సదానందమూర్తి గారు మమ్మల్ని సాగనంపారు.

ఇంటికొచ్చి భోజనాల బల్ల మీద పాత దినపత్రిక పరిచాం. నిజం చెప్పొద్దూ, నాకు చాలా సంతోషంగా ఉంది. కొత్త కాపురం, కొత్త బల్ల, దాని మీద ఇద్దరం తలలు ఆనించి కూర్చోవడానికి సర్కారు వారి అనుమతి. షరతు ఏమిటంటే ఐరన్ భర్త పట్టాలి, సీసం తీగ భార్య పట్టాలి. వేరేవాళ్ల చెయ్యి తగలకూడదు. నేను మామిడికీ సపోటాకీ అంటు కట్టడంలో నర్సరీలో పేరున్నదాన్ని. కొమ్మకీ కొమ్మకీ అతికించినదాన్ని, తీగకీ బోర్డుకీ అతికించలేనా అనుకున్నాను.

అంటుకొమ్మ కాల్చదు. ఇది కాలుస్తుంది. మొదటి పావుగంటలో ఆయన వేలు, నా వేలు, ఇద్దరికీ ఇష్టమైన దినఫలాల పేజీ కాలాయి. రెసిస్టర్ల రంగులు చూసి ఏది ఏదో పోల్చడానికి మాకు తెలిసిన పద్ధతి ఒక్కటే, బోర్డు మీద అందంగా ఉండేలా పేర్చడం. ఎరుపు చారలవి గుమ్మం వైపు, నీలివి కిటికీ వైపు పెట్టాం. ట్రాన్సిస్టరు మూడు కాళ్లలో ఏది ముందు అన్నదాని మీద మా కాపురంలో మొదటి వాదన జరిగింది. తర్వాత ఆయన లేచి వెళ్లి రెండు గ్లాసుల కాఫీ తెచ్చి, నాది పెద్ద గ్లాసులో పోశారు. కాలు నేను చెప్పినట్టే పెట్టారు. అది తప్పు కాలని తర్వాత తెలిసింది కానీ, ఆ కాఫీ బాగుంది.

నాలుగు రోజులకి అరవై నాలుగు మాట్లూ వేసి పరిశీలనకు తీసుకెళ్లాం. సదానందమూర్తి గారు భూతద్దంతో చూస్తూ చెబుతుంటే సింహాచలం గారు రాసుకున్నారు. పదకొండో మాటు మసకగా ఉంది, దంపతుల మధ్య వేడి చాలలేదు. పంతొమ్మిదో మాటు ఇరవయ్యో దానితో కలిసిపోయింది, ఇరుగుపొరుగుతో అనవసరపు జోక్యం కనబడుతోంది. ముప్పై నాలుగులో సీసం మితిమీరింది, ఒకరి మాట మరీ ఎక్కువ. నలభై రెండు బోర్డుకి తాకనేలేదు, అలక. చివరికి స్విచ్ వేశారు. స్పీకరులోంచి నీళ్ల కుళాయి తిప్పినట్టు సుయ్యిమని ఒక చప్పుడొచ్చి ఆగిపోయింది.

"వివాహం కాలేదు" అని రాసి ముద్ర వేశారు. రెండో కిట్టు ఇచ్చారు. క్యాలెండరు మీద ముప్పయ్యో తారీఖు చుట్టూ నేను చుట్టిన సున్నాకి ఇంకా పదమూడు రోజులుంది.

మార్కెట్ మలుపులో పైడయ్య అనే ముసలాయన బిందెలకీ డేగిసాలకీ మాట్లు వేస్తాడని మా ఆయనకి గుర్తొచ్చింది. కిట్టు తీసుకుని ఇద్దరం అక్కడికి వెళ్లాం. పైడయ్య గోనెపట్టా మీద కూర్చుని, ఇత్తడి చెంబు మోకాళ్ల మధ్య ఇరికించుకుని పని చేస్తున్నాడు. మా బోర్డు తిప్పి తిప్పి చూశాడు. ఇది ఏ గిన్నె అడుగో చెప్పమన్నాడు. గిన్నె కాదు, పెళ్లి అని చెప్పాం. ఆశ్చర్యపోలేదు. సర్కారోళ్ల పనులు అలాగే ఉంటాయన్నట్టు తలూపి, వేసి చూపించమన్నాడు.

మా ఆయన పక్క కొట్టు ప్లగ్గులో పెట్టిన ఐరన్‌తో సీసాన్ని కరిగించి, ఆ బొట్టుని తీసుకెళ్లి తీగ కాలి మీద పెట్టారు. పైడయ్య చెంబు కింద పెట్టేశాడు.

"ఏటి బాబూ ఆ పని. సీసాన్ని కాల్సకు. ఆటి కాలునీ కింద రేకునీ కాల్సు. రెండూ ఒకేపాలి కాగాల. అవి కాగితే సీసం దానంతటదే ఒచ్చి కూకుంటాది."

ఆయన అలాగే చేశారు. నేను తీగ అందించాను. సీసం ఒక్కసారిగా జారి, కాలి చుట్టూ వెండి ముక్కుపుడకలా మెరిసి నిలబడింది. నేను ఎంత మురిసిపోయానో చెప్పలేను. పక్కన అరటిపళ్ల బండి ఆమెకి కూడా చూపించాను. రెండూ ఒకేసారి కాగాలన్న మాట సదానందమూర్తి గారి చెవిన పడకుండా చూడాలని మా ఆయన అన్నారు. పడితే దాని మీద ఒక ఉత్తర్వు, దానికో థర్మామీటరు వస్తాయి.

అంతలో ఆయన అలవాటు కొద్దీ మళ్లీ సీసాన్నే కాల్చబోయారు. పైడయ్య విసుక్కున్నాడు.

"మూడు మాట్లు సెప్పాను బాబూ, సీసాన్ని కాదని."

నా చేతిలో సీసం తీగ ఆగిపోయింది. మూడు మాట్లు చెప్పాను. మూడుసార్లు చెప్పాను. మా నాయనమ్మ కూడా సార్లు అనేది కాదు. రోజుకి రెండు మాట్లు తులసికి నీళ్లు పొయ్యమనేది, నాలుగు మాట్లు పిలిస్తే గానీ పలకవేమే అనేది. ముప్పయ్యేళ్ల కిందట కాగితం రాసిన ఏ గుమస్తా అయినా అలాగే రాసి ఉంటాడు. వధూవరులు ఇరువురూ అధికారి ఎదుట మూడు మాట్లు వేయ... ఏదో వేయాలి మూడుసార్లు. ఏమిటది?

"ఏవండీ, పెళ్లి నమోదు ఆఫీసులో ఎవరైనా మామూలుగా ఏం వేస్తారు?" అని అడిగాను.

ఆయన ఐరన్ పక్కన పెట్టి, తేరనిచ్చి, "సంతకం" అన్నారు.

మర్నాడు ఈ సందేహాన్ని సదానందమూర్తి గారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ వాక్యం తర్వాతి పేజీలో కొనసాగుతుందేమో చూడొచ్చా అని అడిగాను. తర్వాతి పేజీ లేదన్నారు. పోనీ ఆ కాగితానికి వెనక వైపు ఏమైనా ఉందేమో చూడొచ్చా అన్నాను.

"అమ్మా, మూల ఉత్తర్వుకి వెనక వైపు ఉండదు. ఉన్నా, దాన్ని గోడ నుంచి దించడానికి ముగ్గురు సభ్యుల సంఘం వేయాలి. ఆ సంఘం వేయడానికి ఆ ఉత్తర్వులో అధికారం ఉందో లేదో చూడాలి. అది చూడాలంటే దించాలి."

దించలేరని నాకు అర్థమైంది. ఇక మిగిలింది మాట్లే. పైడయ్య చెప్పినట్టు రోజూ వేశాం. మేం వేసే మాట్లు ఇప్పుడు పగలు కిటికీలోంచి ఎండ పడితే తళతళలాడుతున్నాయి. గుగ్గిలం పొగ వల్ల ఇల్లంతా సాంబ్రాణి వేసినట్టు వాసన. పైనింటి వాళ్లు మేం రోజూ పూజ చేసుకుంటున్నామని మెచ్చుకున్నారు. అన్నీ బాగున్నాయి గానీ, ఏ ముక్క ఎక్కడ పెట్టాలన్నది మాత్రం పైడయ్యకీ తెలియదు. ఎంత మెరిసే మాటయినా తప్పు చోట వేస్తే, తప్పు చోట మెరుస్తుంది.

ఇరవై తొమ్మిదో తారీఖున రెండో బోర్డు పరిశీలనకు పట్టికెళ్లాం. మనసు మనసులో లేదు. ఆయన బస్సులో నా చేతి మీద చెయ్యి వేసి, ఆదివారాలు కూడా మంచి రోజులే అన్నారు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను, ఆయన వైపు తిరిగితే ఏడుపొస్తుందని.

కార్యాలయంలో హడావిడిగా ఉంది. మర్నాడు పై నుంచి కమిషనర్ గారు తనిఖీకి వస్తున్నారు. సింహాచలం గారు స్టూలెక్కి మూల ఉత్తర్వుకి కొత్త దండ వేస్తున్నారు. మా ఆయన ఐరన్ ఉన్న సంచీ బల్ల మీద పెట్టారో లేదో, ఫ్రేము పైన ఉన్న ఇత్తడి వలయం టక్కున ఊడింది. ఫ్రేము జారి, సింహాచలం గారి పొట్ట మీదుగా కుర్చీలోకి, కుర్చీలోంచి నేల మీదకి, బోర్లా పడింది. అదృష్టం, అద్దం పగలలేదు. వెనకున్న అట్ట మాత్రం పక్కకి జారింది.

సదానందమూర్తి గారి మొహంలో రక్తం లేదు. రేపటికి అది గోడ మీద ఉండాలి. ఊడిన వలయం అతికించాలి. మాటు వేయడం వచ్చినవాళ్లు ఎవరున్నారని అటూ ఇటూ చూశారు. దాంపత్య దృఢీకరణ శాఖలో, ముప్పయ్యేళ్లుగా ఊరందరి చేతా మాట్లు వేయిస్తున్న ఆ కార్యాలయంలో, మాటు వేయడం ఒక్కరికీ రాదు.

మేమిద్దరం నేల మీద కూర్చున్నాం. ఆయన ఐరన్ ప్లగ్గులో పెట్టారు. నేను వలయానికీ ఫ్రేముకీ గుగ్గిలం రాశాను. ఇత్తడి మందంగా ఉంది, కాగడానికి చాలాసేపు పట్టింది. ఆయన నా వైపు చూశారు, నేను ఇంకా కాదన్నట్టు తల అడ్డంగా ఊపాను. వలయం, ఫ్రేము రెండూ ఒకేసారి కాగాయి. తీగ అందించాను. అటు ఒకటి, ఇటు ఒకటి, మధ్యలో ఒకటి.

అవి చల్లారే దాకా కదపకూడదు. కదపకుండా ఫ్రేము పట్టుకుని కూర్చున్నవాళ్లకి చూడటానికి ఇంకేముంది, అట్ట జారిన సందులోంచి కాగితం వెనక వైపు తప్ప? అక్కడ అదే పాత టైపు అక్షరాల్లో ఒక్క పంక్తి ఉంది. నేను దాన్ని పైకే చదివాను.

"వలసిన సంతకాలు నీలి సిరాతో స్పష్టముగా వేయవలెను."

ముందు వైపు 'వేయ' దగ్గర ఆగిన వాక్యాన్ని వెనక వైపు 'వలసిన' అందుకుంది. సింహాచలం గారు స్టూలు మీదే కూర్చుండిపోయారు. సదానందమూర్తి గారు మోకాళ్ల మీద వంగి ఆ పంక్తిని తామే చదువుకున్నారు. ముందు మౌనంగా, తర్వాత పెదవులు కదుపుతూ, తర్వాత వేలు పెట్టి. మూడు మాట్లు చదివారు.

లేచి నిలబడి గొంతు సర్దుకున్నారు. శాఖ ఇన్నేళ్లుగా అమలు చేస్తున్నది ముందు వైపునని, వెనక వైపు అమలులోకి వచ్చినట్టు ఆధారం లేదని, అయినా అది లేదని అనడానికి తమకు అధికారం లేదని అన్నారు. ఆయన ఒక వైపు నుంచి ఇంకో వైపుకి నడుస్తున్నారు గానీ ఎటూ చేరడం లేదు. జాలేసింది. కొమ్మ ఏ వైపు కోస్తే అంటు నిలుస్తుందో చూసినట్టు కాసేపు చూసి, నేనే చెప్పాను.

"సార్, ముందు వైపు ప్రకారం అధికారి ఎదుట మూడు మాట్లు వేయాలి. ఇప్పుడే మీ ఎదుట వేశాం, లెక్కపెట్టుకోండి. వెనక వైపు ప్రకారం సంతకాలు చేయాలి. పెన్ను ఇస్తే అవీ చేస్తాం. ఏ వైపు తప్పని ఎవరూ చెప్పక్కర్లేదు."

సదానందమూర్తి గారు వంగి లెక్కపెట్టారు. మూడే. భూతద్దం తెప్పించి చూశారు. మూడూ మెరుస్తున్నాయి. ఆయన మొహంలోకి రంగు తిరిగొచ్చింది. సింహాచలం గారి జేబులో నీలి పెన్ను ఉంది. మా ఆయన మూడు మాట్లు, నేను మూడు మాట్లు సంతకం చేశాం. మూడోసారి నా తొందరలో పేరు చివర ఒక సున్నా ఎక్కువ పడింది. దాన్ని అభ్యంతరం కింద రాయలేదు.

సర్టిఫికెట్, దాంతో పాటు లక్క వేసిన మార్గదర్శక పత్రం కవరు మా చేతికిచ్చి, సదానందమూర్తి గారు గుమ్మం దాకా వచ్చారు. ఏదో చెప్పాలనుకుని ఆగారు. బొటనవేలిని దాచడానికి చేతిలో ఫైలు లేదు. అప్పుడు చూశాను, దాని మీద చింతగింజంత పాత కాలిన మచ్చ.

"శాఖలో చేరి పంతొమ్మిదేళ్లయిందమ్మా. ఆరు కిట్లు. మా ఆవిడ కూడా విసిగిపోయింది" అన్నారు. తర్వాత గొంతు బాగా తగ్గించారు. "ఆ ఫ్రేముకి కింద వైపు ఇంకో వలయం ఉంది. అదీ కొంచెం వదులుగానే ఉన్నట్టు నా అనుమానం. మీ సోల్డరింగ్ ఐరన్ రెండు రోజులు ఇక్కడ ఉంచితే..."

ఐరన్ ఇచ్చేసి వచ్చాం. సీసం తీగ కూడా ఇచ్చాం. సీసాన్ని కాల్చకూడదని మా ఆయన ఆయనకి మూడుసార్లు చెప్పారు.

ముప్పయ్యో తారీఖున బదిలీ ఉత్తర్వు పుచ్చుకుని నేను కొండ దిగాను. నెల తర్వాత అటు వెళితే కార్యాలయం ముందు బారులు తీరి జంటలు. ఒక్కొక్క జంటా లోపలికి వెళ్లి, ఫ్రేము వలయం మీద మూడు మాట్లు వేసి, నీలి సిరాతో సంతకాలు చేసి బయటికొస్తోంది. వలయం ఇప్పుడు కొబ్బరికాయంత అయిందట. ఆ బరువుకి మేకు ఆగక, మూల ఉత్తర్వుని నేల మీద గోడకి ఆనించి పెట్టారు. దానికి నాలుగు కాళ్ల పీట ఒకటి మంజూరు చేయమని సదానందమూర్తి గారు పైకి రాశారని సింహాచలం గారు చెప్పారు. వెనక వైపు సంగతి రాశారా అని అడిగాను. దానికి సంఘం వేయాలి కదండీ అన్నారు.

మార్గదర్శక పత్రం కవరు మేం విప్పలేదు. వంటింట్లో పోపుల డబ్బా కింద ఉంది, డబ్బా కదలకుండా. రెండో బోర్డు మటుకు గుమ్మం పక్కన తగిలించాం. సన్నాయి ఇప్పటికీ మోగలేదు. కానీ మా తప్పుల్లో ఏ తప్పు కలిసొచ్చిందో గానీ, కుక్కరు కూత వేసినప్పుడల్లా అది కూడా కూయ్‌మని అందుకుంటుంది. ఆయన తువ్వాలు మడతపెట్టడం ఆపి వచ్చి, రెండింటి కూతలూ కలిపి లెక్కపెడతారు. నేను కుక్కరువి మాత్రమే లెక్కపెడతాను. రోజూ అన్నం వేళకి దాని మీద వాదన. చివరికి మాకు కుదిరిన ఒప్పందం ఒక్కటే. ఎవరి లెక్క ఏదైనా, మూడు మాట్లకి స్టవ్ కట్టేయాలి.